వాపును చూసి వయసనుకుంటున్నాం

మన ఇళ్లల్లో పెద్దవాళ్ల గురించి వాడే ఒక మాట మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. "వయసు కదా" అనే మాట. పొద్దున చెప్పిందే మధ్యాహ్నం మళ్లీ చెప్తే, వయసు కదా. పేపర్ చదవడం మానేసి కిటికీ పక్కన ఊరికే కూర్చుంటే, వయసు కదా. పోయినేడు సంక్రాంతికి వాడకట్టు మొత్తానికీ సకినాలు చుట్టించిన మనిషి, ఈ ఏడు ఎన్ని బియ్యం నానబెట్టాలో తేల్చుకోలేక పీట మీద కూర్చుండిపోతే, అది కూడా వయసే. ఆ మాట అనేశాక ఇంట్లో ఎవరూ ఇంకేం చెయ్యక్కర్లేదు. బహుశా అందుకే అది అంత హాయిగా నోట్లోంచి వస్తుంది.

దానికో తోబుట్టువు కూడా ఉంది, "చాదస్తం". బీఏలో తెలుగు చదివినందుకు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు. ఆ చదువుకున్నవాడు కాలక్రమంలో లోకం తెలియనివాడయ్యాడు, ఛాందసం చాదస్తమయింది, చివరికి వంటింటి గడప దగ్గర కూర్చుని "పాలు పొంగుతున్నయేమో చూడు బిడ్డా" అనే ముసలావిడ నెత్తిన పడింది. ఇంకో సంగతి గమనించారా? మామయ్య మాట తడబడితే "నాన్న ఈ మధ్య డల్‌గా ఉంటున్నడు, ఓసారి చూపిద్దాం" అంటారు. అత్తమ్మ తడబడితే చాదస్తం అంటారు. ఒకరిది జబ్బు, ఇంకొకరిది స్వభావం!

నేను చెప్పదలచుకున్నది ఇది. డిమెన్షియా లేని పెద్దవాళ్లలో మనం చూసే మందకొడితనం, మాట తట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం... వీటిలో కొంత వయసుది కాదు. ఒంట్లో ఎక్కడో నెలల తరబడి ఆరకుండా రగులుతున్న దాని పని. అదెక్కడుందో వెతక్కుండా వయసు మీద తోసెయ్యడం అన్యాయం. ఆ అన్యాయం ఎక్కువగా ఆడవాళ్లకే జరుగుతోంది.

డిమెన్షియా లేనివాళ్లు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మతిమరుపు అనగానే మనకిప్పుడు అల్జీమర్సే గుర్తొస్తుంది. మన దేశంలో 60 దాటిన వాళ్ల మీద జరిగిన పెద్ద సర్వే లెక్కల ప్రకారం, 2023లో వచ్చిన అంచనా 7.4 శాతం. అంటే 88 లక్షల మంది. అందులోనూ మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. చిన్న సంఖ్య కాదు. కానీ మిగిలిన 92 మంది సంగతేమిటి? వాళ్లకి జబ్బు లేదు కాబట్టి వైద్యం లేదు, చురుకుదనం లేదు కాబట్టి విలువ లేదు. నేను మాట్లాడుతున్నది వాళ్ల గురించే.

ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మన పేపర్లలో ఆరోగ్యం పేజీలో "వాపు" అని రాస్తారు, కొందరు "మంట" అంటారు. కాలు బెణికితే ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బుతుంది చూడండి, దానికి ఆ మాటలు చాలు. అది ఒంటి కాపలా పని, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఇంకో రకం ఉంది. బయటికి ఉబ్బదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి లోపల్లోపలే సాగుతుంది. దానికి మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాట నివురుగప్పిన నిప్పు. డాక్టర్లు దాని ఆనవాళ్లు రక్తంలో చూస్తారు. సీఆర్‌పీ అనే టెస్టు పేరు కోవిడ్ రోజుల్లో మనందరికీ నోటికొచ్చింది కదా, అది వాటిలో ఒకటి.

ఆ నిప్పుకీ మెదడుకీ సంబంధం ఏమిటంటే... మెదడు మహా తిండిపోతు. ఒంటి బరువులో రెండు శాతం కూడా సరిగ్గా ఉండదు, ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో మాత్రం ఇంచుమించు అయిదో వంతు అదే తినేస్తుంది. దాని ముఖ్యమైన తిండి గ్లూకోజ్. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షనో గాయమో ఉంటే రక్షణ కణాలు రక్తంలోకి కబుర్లు పంపుతాయి. నరాల దారిన కూడా ఆ కబురు మెదడుకి చేరుతుంది. మెదడులో ఉండే కాపలా కణాలు, మైక్రోగ్లియా అంటారు, అవి మేలుకుంటాయి. అప్పుడు మెదడు తన పనులు తగ్గించుకుంటుంది. జ్వరమొచ్చినప్పుడు మనకేమవుతుందో గుర్తు చేసుకోండి. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, తిండి సహించదు, తెలిసిన పేరు కూడా నాలుక చివరే ఆగిపోతుంది. అది మెదడు పాడవడం కాదు. ఒళ్లు బాగయ్యేదాకా పడుకో అని లోపలి నుంచి వచ్చిన ఆజ్ఞ. మనకైతే జ్వరం తగ్గగానే ఆ ఆజ్ఞ రద్దవుతుంది. నిప్పు ఆరని ఒంట్లో ఆ ఆజ్ఞ రోజూ అందుతూనే ఉంటుంది.

ఇది ఊహ కాదు. 2014లో ఇంగ్లండ్ పరిశోధకులు ఒక పని చేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి టైఫాయిడ్ టీకా వేసి, ఒంట్లో కాస్తంత ఇన్‌ఫ్లమేషన్ పుట్టించి, మెదడు గ్లూకోజ్ వాడకాన్ని పెట్ స్కాన్‌లో చూశారు. జ్ఞాపకానికి సంబంధించిన భాగంలో వాడకం తగ్గింది. దారులూ చోట్లూ గుర్తుపెట్టుకునే పరీక్షలో వాళ్లు తడబడ్డారు. ఒక్క టీకాకి, కొన్ని గంటల పాటు! టీకా వల్ల వాళ్లకేం హాని జరగలేదు, అది వెంటనే సర్దుకునేదే. నా ప్రశ్నల్లా, కుర్రవాళ్ల మెదడే చిన్న మంటకి అంత తగ్గితే, ఏడేళ్లుగా చిగుళ్లలో చీముతో తిరుగుతున్న డెబ్బై అయిదేళ్ల ఆవిడ సంగతేమిటి అని.

మా అత్తమ్మ సంగతి చెప్తాను. సిద్దిపేట వైపు పల్లె, పెళ్లయ్యాక అల్వాల్ వచ్చింది. చదువు నాలుగో తరగతి. పాలవాడి లెక్క, చిట్టీల లెక్క, ఎవరి పెళ్లికి ఎంత చదివించామో అన్నీ నోటి మీదే ఉండేవి. రెండేళ్ల కింద ఒక ఆరు నెలల్లో ఆ మనిషి నెమ్మదించింది. మాటలు తగ్గాయి. పాలవాడు ఎంత చెప్తే అంత. టీవీ ముందు కూర్చునేది కానీ సీరియల్‌లో ఎవరు ఎవరో అడిగేది. మేం చూపించిన మొదటి డాక్టరు, పేరెందుకులెండి, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "ఏజ్ అమ్మా" అన్నాడు. ఒక బలం మాత్ర రాశాడు. నోరు తెరిచి చూపించమనలేదు. తింటున్నావా, ఎట్ల తింటున్నావు అని అడగలేదు. ఆయన ఫీజు వరకూ ఆయన న్యాయంగానే తీసుకున్నాడు.

ఆవిడ అన్నంలో ముక్క తినడం మానేసిందని నేను చూసి, పోరి పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మూడు పళ్ల వేర్ల దగ్గర చీము, చిగుళ్లంతా వాపు. అదే సమయంలో మూడు నెలల షుగర్ టెస్టు చూస్తే ఎప్పుడూ లేనంత పెరిగి ఉంది. పళ్లు తీశారు, చిగుళ్లు శుభ్రం చేశారు, షుగర్ గోలీలు మార్చారు, తర్వాత కట్టుడు పళ్లు పెట్టారు. కొంతకాలానికి ఒకరోజు పొద్దున్నే పాలవాడితో గొడవ వినిపించింది: "పోయిన నెల ముప్పయ్యొకటి లేదు, ముప్పయ్యే." నాకు అంతకన్నా తీయని గొడవ లేదు.

ఒక ఇంటి కథ రుజువు కాదని నాకు తెలుసు. షుగర్ తగ్గడం వల్లో, మళ్లీ కడుపునిండా తినడం వల్లో, నొప్పి పోయి నిద్ర పట్టడం వల్లో, ఏది ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో సీఆర్‌పీ ఎక్కువుంటుందనీ, చిగుళ్లకి వైద్యం చేస్తే షుగర్ కొంత అదుపులోకి వస్తుందనీ డాక్టర్లు ఏనాడో తేల్చారు. అయినా ఈ ఊళ్లో ఏ ఇంట్లో అయినా అడగండి, పెద్దావిడ నోరు చివరిసారి ఎప్పుడు చూపించారని. కారు సర్వీసింగ్ తేదీ మాత్రం అందరికీ గుర్తుంటుంది.

నోటి తర్వాత ఎవరూ మాట్లాడనిది ఒంటికి పోవడం. పెద్దాడవాళ్లు నీళ్లు తాగరు. ఎందుకు తాగరో మనకి తెలియదా? రాత్రి మాటిమాటికీ లేవాలి, మోకాళ్లు సహకరించవు, ఊరెళ్తే బస్టాండ్‌లో బాత్రూం బాగుండదు, కోడల్ని లేపితే ఏమనుకుంటుందో. ముట్లు ఆగిపోయాక మూత్రం ఇన్‌ఫెక్షన్లు ఎక్కువవుతాయి. అదీ పెద్ద వయసులో ఒక్కోసారి జ్వరం లేకుండా, మంట అని కూడా చెప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు కనిపించేదేమిటి? నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ చనిపోయిన అక్కతో మాట్లాడుతుంది, రాత్రిని పగలంటుంది. ఇంట్లోవాళ్లు "పిచ్చి పట్టింది" అనో "చాదస్తం ముదిరింది" అనో అనుకుంటారు. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి: గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వచ్చిన తికమక వయసు కాదు, అల్జీమర్స్ కూడా అంత హఠాత్తుగా రాదు. మూత్రం ఇన్‌ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో నెమ్మో, ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్రో, జలుబు మాత్రో అయ్యుంటుంది. పక్షవాతం కూడా కావచ్చు. ఆ రోజే దవాఖానకి తీసుకెళ్లాలి, ఆదివారం కొడుకు ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు.

షుగర్ గురించి మనకి తెలుసనుకుంటాం. ఐసీఎంఆర్ వాళ్ల లెక్కలో, 2023లో వచ్చిందది, దేశంలో 10 కోట్ల మందికి పైగా ఉంది కాబట్టి ఇంటికొకరుంటారు. పాదాలకి, కళ్లకి, కిడ్నీలకి చేటని వింటాం. మెదడు గురించి వినం. ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే. కార్తీక సోమవారం ఉపవాసమని గ్లిమిపిరైడ్ లాంటి గోలీ వేసుకుని మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లతో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి గుడి మెట్ల దగ్గర తికమకగా మాట్లాడితే, అది భక్తీ కాదు, వయసూ కాదు, మెదడుకి తిండి అందలేదు. ఉపవాసం వద్దనే ధైర్యం నాకు లేదు, మా ఇంట్లోనే చెల్లదు. ఆ రోజు గోలీ సంగతేం చెయ్యాలో ముందే డాక్టర్‌ని అడిగే పని మాత్రం కోడళ్లమైనా కూతుళ్లమైనా మనమే చెయ్యాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, అదీ మతిమరుపు తెస్తుంది. థైరాయిడ్ కూడా అంతే. ఇవి నిప్పు లెక్కలోకి రావు కానీ ఒకే చీటీలో రాసి చూపించేవే. బస్తీ దవాఖానల్లో చాలా టెస్టులకి డబ్బులు తీసుకోరు.

ఇంక మా అత్తమ్మ తరం వాళ్లు పీల్చిన కట్టెల పొగ, పడుకుంటే గురకతో ఆగిపోయే ఊపిరి, గడప దాటని నడక. రాజీవ్ రహదారి మీద లోతుకుంట దగ్గర సాయంత్రం అయిదున్నరకి రోడ్డు దాటి చూడండి, ముసలివాళ్లు వాకింగ్‌కి ఎందుకు పోరో అర్థమవుతుంది.

ఇక్కడ ఇద్దరు మధ్యలో దూరతారు. ఒకరు వాట్సాప్ అత్తయ్యలు. "ఇన్‌ఫ్లమేషనే కదా, పసుపు పాలు తాగిస్తే సరి." పసుపు మన వంటకి మంచిదే, పోపులో ఉండాల్సిందే. కానీ చీము పట్టిన పన్ను పసుపు పాలకి ఊడి రాదు. రెండో రకం మెడికల్ షాపు తెలివితేటలు. మంట తగ్గించే గోలీ వేస్తే మంట తగ్గుతుంది కదా అని రోజూ నొప్పుల గోలీ. ఆ ప్రయత్నం పెద్ద పెద్ద వాళ్లే చేసి చూశారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో దాదాపు 19 వేల మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద ఆస్పిరిన్ పరీక్షిస్తే, 2018లో వచ్చిన ఫలితాల్లో డిమెన్షియా తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్ వేరు, అది మానకండి. ఎవరూ రాయకుండా మింగే నొప్పుల గోలీలు కిడ్నీల్ని, కడుపునీ తినేస్తాయి. పొగ కనిపించిందని కిటికీ మూసుకుంటే పొయ్యి ఆరదు.

మూడో రకం కూడా తయారవుతోంది, స్కాన్ల వాళ్లు. మెదడు గ్లూకోజ్ ఎంత వాడుతోందో చూసే పెట్ స్కాన్ ఉందని పైన చెప్పాను. అది విని "అమ్మకి చేయిద్దాం" అని బయల్దేరకండి. దాని ఖర్చుతో ఒక మనిషి నోరంతా బాగు చేయించవచ్చు. పైగా ఆ స్కాన్ చదవడం అంత తేలిక కాదు. మైక్రోగ్లియా అన్నాను చూడండి, రెచ్చిపోయినప్పుడు అవి కూడా గ్లూకోజ్‌ని గటగటా తాగేస్తాయి. స్కాన్‌లో వెలుగు కనిపిస్తే అది మెదడు చేసే పనిదో, మంటదో పైకి చూసి చెప్పలేరు. అందుకే మతిమరుపు లేని పెద్దవాళ్లలో మంటకీ మెదడు తిండికీ లెక్క కట్టబోతే ఒకచోట తగ్గినట్టు, ఇంకోచోట పెరిగినట్టు వస్తుంటుంది. పరిశోధనకి పనికొచ్చే యంత్రాన్ని మన భయానికి అమ్మకుండా చూసుకోవాలి.

"ఎన్ని చేసినా వయసు వయసే" అనేవాళ్లకి పుంజగుట్ట నిమ్స్‌ని చూపిస్తాను. అక్కడి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రకటించారు: ఒకే భాష మాట్లాడేవాళ్లకన్నా రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా అంతే. హైదరాబాద్‌లో కాబట్టే ఆ సంగతి అంత బాగా కనిపించింది. మా అల్వాల్‌లో ఇంట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర హిందీ, పక్కింటి మిలిటరీ వాళ్లతో తమిళం మాట్లాడే ముసలమ్మలు వీధికి నలుగురుంటారు. ఇది మంట గురించిన పరిశోధన కాదు, నిజమే. కానీ ఒకే వయసున్న ఇద్దరి మెదళ్లు ఒకేలా ఉండవనీ, బతికిన తీరు లెక్కలోకి వస్తుందనీ మన ఊరి నుంచే లోకానికి తెలిసింది. అలాంటి ఊళ్లో కూర్చుని డాక్టర్లు "ఏజ్ అమ్మా" అంటే ఎట్లా?

ఇందులో పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. ఒక్కసారి చాదస్తం అని ముద్ర పడ్డాక ఏమేం పోతాయో చూశారా? ముందు బీరువా తాళాలు. తర్వాత పెన్షన్ వచ్చే ఏటీఎం కార్డు. తర్వాత పెళ్లి సంబంధాల్లో మాట. చివరికి ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి ఆవిడ లేనట్టు మాట్లాడుకోవడం. ఇవన్నీ పోయాక, ఆవిడ నిజంగానే మాట్లాడ్డం మానేస్తుంది, "చూశావా, నేను చెప్పలే?" అంటారు. వాపును చూసి బలుపనుకోవద్దని పెద్దలన్నారు. మనం వాపును చూసి వయసనుకుంటున్నాం.

"అన్నీ కోడళ్ల మీదే వేస్తున్నావు" అని ఎవరైనా కామెంట్ పెడతారని తెలుసు. ఒప్పుకుంటాను, ఆ చాకిరీ ఇప్పటికే మన మీదే ఉంది. అందుకే అడుగుతున్నాను. పళ్ల డాక్టర్ దగ్గరికి వారం వారం తిప్పడం కొడుకు పని ఎందుకు కాకూడదు? ఆఫీసు నుంచి లీవు పెట్టి క్రికెట్ చూసినవాళ్లే కదా. ఇంకొకటి, నాకూ మీకూ నలభైలు దాటాయి. మన చిగుళ్ల నుంచి రక్తం వస్తే బ్రష్ మార్చుకుని ఊరుకుంటున్నాం. ముప్పై ఏళ్ల తర్వాత మన గురించి ఎవరో ఏదో మాట అనబోతున్నారు.

మొన్న మా కాలనీలో ఒకావిడ 80వ పుట్టినరోజు చేశారు. ఫంక్షన్ హాలు, మూడు వందల మంది, స్టేజి మీద పూల సింహాసనం, డ్రోన్ కెమెరా. భోజనాల దగ్గర ఆవిడ పక్కన చోటు దొరికింది. పన్నెండు రకాల వంటకాలున్న విస్తరిలో ఆవిడ పెరుగన్నం మాత్రం పిసుక్కుంటోంది. పళ్లు కదులుతున్నాయట, రెండేళ్లయిందట. చూపించుకోలేదా పెద్దమ్మా అంటే, "ఈ వయసుల పండ్లకు పైసలెందుకు బిడ్డా" అంది. ఎవరన్నారు అని అడిగాను. స్టేజి దగ్గర ఫొటోగ్రాఫర్‌కి డబ్బులు లెక్కపెట్టి ఇస్తున్న పెద్దకొడుకు వైపు గడ్డంతో చూపించి, మళ్లీ అన్నం పిసుక్కోవడంలో పడింది.